వసంతాంతమున ఎడారిపై హిమము

రోహిణీకార్తెలో రోళ్ళు పగులునని మన పెద్దల మాట. మే నెల చివరి దినములలో బెజవాడలోనో, రామగుండములోనో మిట్టమధ్యాహ్నము వీధిలోనికి అడుగుపెట్టిన వానికి ఈ సామెతలో అతిశయోక్తి యేమియు కనబడదు. సరిగా ఆ దినములలోనే, ఎడారి యని పటములలో గుర్తింపబడిన ఒక దేశభాగమున, ఉదయము తలుపు తెరచిన గృహస్థునకు వాకిట నాలుగంగుళముల హిమము కనబడుట కలదు. ముందునాటి మధ్యాహ్నము అతడు పలుచని చొక్కాతో తిరిగియుండును. సాయంకాలమునకు కండ్లలో దుమ్ము పడియుండును. రాత్రి వాన చినుకుల చప్పుడు వినుచు నిద్రించి యుండును. గాలి, వాన, హిమము మూడును ఒక్క దినములోనే వచ్చినవన్నమాట. ఈ వింత ఎట్లు సంభవించునో, అది ఎవరికి మేలు చేయునో, ఎవరికి కీడు చేయునో ఈ ప్రసంగమున విచారింతము.

మనము చెప్పుకొనుచున్న ఎడారి అమెరికా సంయుక్త రాష్ట్రముల పడమటి భాగమున గల ‘గ్రేట్ బేసిన్’, అనగా మహాద్రోణి. నెవాడా రాష్ట్రములో అధికభాగము, యూటాలో పడమటి సగము, ఆరిగన్, కాలిఫోర్నియా, ఐడహో రాష్ట్రముల అంచులు ఇందులో చేరును. 1843–44 లలో ఇచ్చట సంచరించిన జాన్ ఫ్రెమాంట్ అను సైనికాధికారి, ఇందలి నదులలో ఒక్కటియు సముద్రమును చేరదని గ్రహించి ఈ పేరు పెట్టెను. హంబోల్ట్ నది మూడువందల మైళ్ళు ప్రవహించి, చివరకు ఒక చవుటి పల్లములో ఇంకిపోవును. తక్కిన వాటి గతియు అంతియే. నెవాడా యనగా స్పానిష్ భాషలో ‘హిమము కప్పినది’ అని అర్థము. హిమము పేరు పెట్టుకొన్న ఈ రాష్ట్రమే ఆ దేశమునకెల్ల మిక్కిలి తక్కువ వర్షము గల రాష్ట్రము!

ఇందుకు కారణము పడమట కోటగోడవలె నిలిచిన సియెరా నెవాడా పర్వతశ్రేణి. దాని పొడవు సుమారు 400 మైళ్ళు. అందలి విట్నీ శిఖరము ఎత్తు 4,421 మీటర్లు. పసిఫిక్ సముద్రము మీదుగా వచ్చు తేమగాలి ఈ గోడను ఎక్కునప్పుడు చల్లబడి, తన నీటిని పడమటి వాలులపైననే విడిచివేయును. గోడ దాటి తూర్పునకు దిగునప్పటికి అది పొడిగాలి. అనంతపురము వారికి ఈ సంగతి విప్పి చెప్పనక్కరలేదు. నైరుతి ఋతుపవనము పడమటి కనుమలకు కప్పము చెల్లించి వట్టిచేతులతో తమ సీమకు వచ్చుట వారు తరతరములుగా ఎరుగుదురు. అయినను అనంతపురమునకు ఏటా 550 మిల్లీమీటర్ల దరిదాపు వాన కలదు. గోడకు ఆవలి మొదటి పట్టణమైన రీనోకు దొరకునది సుమారు 190 మిల్లీమీటర్లే.

ఎడారి యనగానే మన మనస్సులో ఇసుక తిన్నెలు, ఒంటెలు మెదలును. ఇచ్చట ఒంటెలు లేవు, ఇసుకతిన్నెలు అక్కడక్కడ మాత్రమే. ఉత్తర దక్షిణములుగా సాగిన కొండల వరుసలు, వాటి నడుమ వెడల్పైన మైదానములు, ఆ మైదానముల నిండ ‘సేజ్‌బ్రష్’ అను బూడిదరంగు పొదలు ఉండును. ఈ పొద మనకు పూర్తిగా పరాయిది కాదు. వినాయక చవితి నాడు పత్రిలో చేర్చు మాచిపత్రి దీనికి దగ్గరి చుట్టము. రెండును వృక్షశాస్త్రమున ఒకే ప్రజాతికి చెందినవి. ఇక ముఖ్యమైన సంగతి ఎత్తు. రీనో పట్టణము 1,370 మీటర్ల ఎత్తున నున్నది. మనవారు వేసవిలో చల్లదనము కొరకు ఎక్కు హార్స్‌లీ కొండల శిఖరము కన్న అక్కడి మైదానపు నేలయే ఎత్తు! మన దేశములోనే ఇట్టి ఎత్తైన చలియెడారి కావలెనన్నచో 3,500 మీటర్ల ఎత్తున గల లడఖ్ సీమలోని లేహ్ పట్టణమును చూడవచ్చును. కాని వసంతాంతపు తుఫాను తన మూడు వేషములను ఒక్క దినములో కట్టి చూపునది మహాద్రోణియందే కనుక మేము దానినే ఎంచుకొంటిమి.

ఇచ్చట మాటను గురించి ఒక మాట. తెలుగున ఉదయపు తుషారము ‘మంచు’, దారి కనబడకుండ కమ్ముకొను పొగ ‘మంచు’, గాజుపెట్టెలో అమ్మకమునకు పెట్టిన గడ్డ ‘మంచు’, ఆకాశమునుండి దూదివలె రాలునదియు ‘మంచే’. మన ప్రకృతిలో ఈ చివరిది లేకపోవుటచే వేరు పేరు అవసరము కాలేదు కాబోలు. ఆకాశమునుండి రాలు దానిని మాత్రము ఈ ప్రసంగమున హిమము అందుము. వేసవి గాలివానలలో మన తెలంగాణమున రాలు వడగండ్లు హిమము కావు. అవి మేఘములో పైకి క్రిందికి ఎగురుచు పొరలు పొరలుగా గట్టిపడిన నీటిగడ్డలు. ఎంత వేడి దినమునందైనను అవి పడవచ్చును. హిమము అట్లు కాదు. మేఘము మొదలు నేలవరకు గాలి తగినంత చల్లగా ఉన్నచో మాత్రమే అది నేల చేరును.

మరి మే నెల చివర ఆ చల్లదనము ఎక్కడిది?

భూమికి సుమారు ఆరు మైళ్ళ ఎత్తున పడమటినుండి తూర్పునకు మహావేగముతో పరుగెత్తు గాలి ప్రవాహ మొకటి కలదు. దానికి ఉత్తరమున ధ్రువప్రాంతపు చలిగాలి, దక్షిణమున ఉష్ణదేశముల వేడిగాలి ఉండును. చలికాలమున ఈ ప్రవాహము నెవాడా మీదుగా పోవుచుండును. వేసవిలో ఉత్తరమునకు తొలగి కెనడా పొలిమేరలకు చేరును. మే నెలలో అది వెళ్ళుటకు బయలుదేరి, గుమ్మములో నిలిచి ఇంకను మాటలాడుచున్న చుట్టము వంటిది. పోయినట్లే యుండును, మరల లోపలికి వచ్చును. అట్లు అది దక్షిణమునకు వంగినపుడు అలాస్కా సింధుశాఖ మీది చలిగాలి ముద్ద ఒకటి ఆ వంపులో చిక్కుకొని కాలిఫోర్నియా, నెవాడాల మీదికి జారును. ఆ ముద్ద నడుమ, మూడున్నర మైళ్ళ ఎత్తున, సున్నకు దిగువ ఇరువది డిగ్రీలను మించిన చలి యుండును. క్రింద నేలమీద మాత్రము సూర్యుడు ఏడాదిలో దాదాపు అత్యధిక తీక్ష్ణతతో కాయుచుండును. క్రింద వేడి, పైన చలి ఉన్నచోట గాలి కుదురుగా నిలువదు. అందుచేతనే మహాద్రోణి వసంతమున అల్పపీడనములకు పుట్టినిల్లు. నెవాడా నడుమనున్న టోనోపా అను చిన్న ఊరి పేరు ఇట్టి వాటికి స్థిరముగా అంటుకొన్నది.

ఒక్కొక్కప్పుడు ఈ చలిముద్ద ప్రధాన ప్రవాహమునుండి తెగిపోయి, దారి తప్పిన దూడవలె రెండు మూడు దినములు ఒకేచోట తిరుగాడుచుండును. ఎటు పోవునో చెప్పుట కష్టము. తెగిపోయిన అల్పపీడనము వాతావరణ శాస్త్రజ్ఞుల పాలిటి శోకమని ఆ వృత్తివారే పరిహాసమాడుదురు. అది సముద్రము మీదుగా దిగినచో తడి తెచ్చును. భూభాగము మీదుగా దిగినచో తడి తక్కువ, గాలి ఎక్కువ. కొన్ని పదుల మైళ్ళ తేడాలో ఒక ఊరికి హిమము, పక్క ఊరికి వట్టి దుమ్ము దక్కును.

ముందు వచ్చునది గాలి. చలి ఇంకను పడమట నున్నప్పుడే, దాని యెదుట నైరుతినుండి పొడి వేడిగాలి లేచును. సియెరా గోడ నెక్కిన గాలి ఇవతలి వాలున జలపాతమువలె దూకి, దిగువ లోయలలో రెట్టించిన వేగముతో వీచును. రీనోకు దక్షిణముననున్న వాషో లోయలో ఇట్టి దినములందు ఎత్తైన లారీలను రహదారిపై పోనీయరు. పోయినవి కొన్ని ప్రక్కకు ఒరిగిన సందర్భములు కలవు. ఈ లోయగాలికి ‘వాషో జెఫిర్’ అని పేరు. జెఫిర్ యనగా మలయమారుతము వంటి మెల్లని గాలి. గని పనివారు వెటకారముగా పెట్టిన ఈ పేరును 1872లో ప్రచురించిన ‘రఫింగ్ ఇట్’ గ్రంథమున మార్క్ ట్వేన్ హాస్యముతో లోకప్రసిద్ధము గావించెను.

గాలి ఒక్కటే యైనచో టోపీలు పోవుటతో సరిపోవును. దానితోడ దుమ్ము లేచుట అసలు బాధ. ఇందలి సరస్సుల అడుగులు ఎండినచోట పిండివంటి చవుటి ధూళి మిగులును. కొన్ని ప్రకృతిచే ఎండినవి. ఓవెన్స్ సరస్సు మాత్రము మనుష్యులచే ఎండినది. నూరు చదరపు మైళ్ళ దరిదాపు విస్తీర్ణము గల ఆ సరస్సును నింపు నదిని 1913లో లాస్ ఏంజలీస్ నగరము తన త్రాగునీటి కొరకు కాలువలోనికి మళ్ళించుకొన్నది. పదునైదేండ్లు తిరుగకముందే సరస్సు ఎండిపోయెను. అటుపిమ్మట దశాబ్దముల తరబడి, వసంతపు గాలి వీచినపుడెల్ల ఆ అడుగునుండి లేచిన తెల్లని ధూళి సమీప గ్రామముల వారి ఊపిరితిత్తులలో చేరుచుండెను. అమెరికా దేశమంతట ఒక్కచోటినుండి లేచు దుమ్ములో అదియే పెద్దదని తేలెను. న్యాయపోరాటముల ఫలితముగా 2000 తరువాత ఆ నగరమే రెండువందల కోట్ల డాలర్లకు పైబడి వెచ్చించి, ఎండిన అడుగుపై నీరు పారించియు, కంకర పరచియు, ఉప్పునేలలో బ్రతుకు గడ్డిని పెంచియు ఆ ధూళిని చాలవరకు అణచినది. తుఫానునకు మనుష్యుడు కారకుడు కాడు. కాని తుఫాను ఎత్తుకొనిపోవు సరకును సిద్ధము చేసినది మనుష్యుడే.

గాలి తరువాత వాన. ఇక్కడనే ఈ కథలోని రసమంతయు నున్నది.

పడమట మేఘములు కమ్మును. వాటి అడుగునుండి బూడిదరంగు కుచ్చులు వ్రేలాడుచు కనబడును. అది వానయే. కాని నేల చేరదు. సగము దారిలోనే పొడిగాలి దానిని త్రాగివేయును. ఎడారివాసి తల పైకెత్తి వానను చూచుచుండగా అతని కాళ్ళక్రింది ధూళి పొడిగానే యుండును. అయితే ఆ వాన వృథాగా పోయినదా? లేదు. నీరు ఆవిరి కావలెనన్నచో వేడి కావలెను. ఆ వేడిని అది చుట్టునున్న గాలినుండియే లాగుకొనును. గాలి చల్లబడును.

ఇది మనము ఇంటింట ఎరిగిన సూత్రమే. మట్టికూజాలోని నీరు చల్లబడుటకును, వేసవిలో ద్వారములకు కట్టిన వట్టివేళ్ళ తడికలపై నీరు చల్లినపుడు గదిలోనికి చల్లని గాలి వచ్చుటకును కారణమిదియే. తడిక పోయి ఎయిర్ కూలరు వచ్చినను సూత్రము మారలేదు. అదే కూలరు బెజవాడలో కన్న అనంతపురమున బాగుగా పనిచేయుటను చాలమంది గమనించియుందురు. బెజవాడ గాలిలో తేమ ముందే నిండియున్నది, ఇంకను నీరు పుచ్చుకొనదు. అనంతపురపు గాలి పొడిది, ఎంత నీరు పోసినను ఆవిరిగా మార్చి చల్లబడును. గాలి ఎంత పొడిదైన అంత చల్లబడు శక్తి దానికి కలదు. మహాద్రోణిలో వానజల్లు తడిక వంటిది. ఎడారి ఆకాశమంతయు గది వంటిది.

లెక్క చూతము. ఒక గ్రాము నీరు ఆవిరియగుటకు సుమారు 600 కెలోరీల వేడి కావలెను. ఒక కిలోగ్రాము గాలి ఒక డిగ్రీ సెంటిగ్రేడు చల్లబడినచో విడుచు వేడి సుమారు 240 కెలోరీలు. అనగా ఒక గ్రాము నీరు ఆవిరియైనచో ఒక కిలోగ్రాము గాలి రెండున్నర డిగ్రీలు చల్లబడును. రీనో ఎత్తున ఒక ఘనమీటరు గాలి బరువు ఇంచుమించు ఒక కిలోగ్రామే. సాయంకాలమున 8 డిగ్రీల వేడిమి, వందకు పదునైదు పాళ్ళ తేమ గల గాలిలో జల్లు మొదలైనదనుకొందము. ఆ గాలి తృప్తి తీర నీరు త్రాగునప్పటికి, ఘనమీటరు ఒక్కింటికి మూడు గ్రాములకు మించి నీరు ఆవిరియై, వేడిమి దాదాపు సున్నకు దిగిపోవును! గ్రాములు మూడే. కాని వాన మొదలైనప్పుడు చొక్కాతో ఉన్నవాడు వాన నడుమ కంబళి వెదకుకొనును. వాతావరణ కేంద్రములలో తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకమును పొడిదాని ప్రక్కన ఉంచుటకు గల కారణములలో ఇదియొకటి. పొడి మాపకము ఇప్పటి వేడిమిని చెప్పును, తడి మాపకము వాన వచ్చినచో ఎంతకు దిగునో చెప్పును. అనుభవజ్ఞులు అట్టి దినమున రెండవ దానినే చూతురు.

ఇట్లు చల్లబడిన గాలి బరువెక్కి క్రిందికి కూలును. నేల తాకి నలుదెసల చిమ్మును. అందుచేత వాన చేరకమునుపే ఉన్నట్లుండి చలిగాలి కొట్టును. మేఘమున ఎత్తున పుట్టినది మొదటినుండి హిమమే. మొదట అది దారిలో కరగి వానగా మారుచుండును. కరగుటకును వేడి కావలెను, గ్రామునకు 80 కెలోరీలు. ఆవిరియగుటయు, కరగుటయు రెండు చేతులతో గాలి వేడిని దోచుకొనగా, హిమము కరగు మట్టము గంటగంటకు కొండవాలున దిగివచ్చును. సాయంకాలమున శిఖరములకు మాత్రమే పరిమితమైన తెల్లదనము చీకటి పడునప్పటికి నడికొండకు, అర్ధరాత్రి దాటునప్పటికి మైదానమునకు చేరును. చలిముద్ద నడిమిభాగము అప్పటికి తలమీదికి వచ్చి, గాలి ఉత్తరమునకు తిరిగియుండును. ఎడారి పొడిదనమే, ఇన్నాళ్ళు వానను త్రాగివేసిన ఆ పొడిదనమే, ఆ రాత్రి హిమమును నేలకు దింపుటకు తోడ్పడినదన్న మాట.

కాలిఫోర్నియా సముద్రతీరపు నగరములలో ఉద్యోగములు చేయు మన తెలుగు కుటుంబములు మే నెల చివరి సెలవులకు టాహో సరస్సునకును, రీనోకును కార్లలో పోవుట నేడు మామూలు. తాము బయలుదేరిన ఊరిలో ఆహ్లాదకరమైన ఎండ. నాలుగు గంటల ప్రయాణములో డానర్ కనుమ ఎక్కునప్పటికి హిమవర్షము, చక్రములకు గొలుసులు కట్టుమను ఆజ్ఞ. 1846లో బండ్లమీద వచ్చిన ఒక వలస బృందము హిమమునకు చిక్కి, చలికాలమంతయు ఆకలితో అలమటించి, సగమునకు కొంచెము తక్కువమంది మరణించిన చోటు అదే. ఇప్పటి ప్రయాణికునకు మహా యైనచో ఆలస్యము కలుగును. గొలుసులు వెంట తీసికొనిపోయిన వారికి అదియు స్వల్పమే.

అంత సులభముగా తప్పించుకొనలేనివి గొర్రెలు. మహాద్రోణి గొర్రెల సీమ. పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగమునుండి స్పెయిన్, ఫ్రాన్సు సరిహద్దు కొండలకు చెందిన బాస్క్ జాతివారు ఇచ్చట కాపరులుగా పేరుపొందిరి. నేడు ఆ పనికి ఎక్కువగా పెరూ దేశమునుండి వత్తురు. ఉన్ని కత్తిరించునది వసంతముననే, ఈనునదియు వసంతముననే. మన కురుమలు కప్పుకొను గొంగడి ఎట్టిదో గొర్రె ఒంటిమీది ఉన్ని అట్టిది. తడిసినను కొంత వెచ్చదనము నిలుపును. క్రొత్తగా కత్తిరించిన గొర్రె తన గొంగడిని మనకిచ్చి చలిలో నిలుచున్నది. దానిపై మొదట వాన పడును, తరువాత గాలి కొట్టును. పైన చెప్పిన తడిక సూత్రమే ఇప్పుడు దాని చర్మముపై పనిచేసి, లోపలి వేడిని గుంజివేయును. కేవలము పొడి హిమము పడినచో గొర్రె తట్టుకొనును. తడి, గాలి, చలి వరుసగా వచ్చినపుడే అది కూలును. అప్పుడే పుట్టిన పిల్ల మరియు దుర్బలము. తల్లి నాకి ఆరబెట్టకముందే వాన తగిలి, ముర్రుపాలు కడుపున పడకముందే వణుకు పుట్టినచో, కొన్ని గంటలలోనే ప్రాణము పోవును.

కాబట్టి కాపరికి ‘రేపు హిమము పడును’ అను వార్తకన్న ‘రేపు మధ్యాహ్నము వాన, రాత్రికి గాలి ఉత్తరమునకు తిరుగును’ అను వార్త ముఖ్యము. ఆ కొలది గంటలలో అతడు మందను గాలి తగులని లోయ వాలునకో, జూనిపర్ చెట్ల మరుగునకో తోలవలెను. ఈనిన వాటిని వేరుచేసి పాకలకు చేర్చవలెను. కత్తిరింపు ఇంకను కానిచో వాయిదా వేయవలెను. ముందుగా కడుపునిండ మేసిన గొర్రె చలికి ఎక్కువసేపు ఓర్చును. మేత అరుగునపుడు దాని కడుపులో పుట్టు వేడియే దానికి కుంపటి. అమెరికా జాతీయ వాతావరణ శాఖవారు వసంతకాలపు హెచ్చరికలలో లేతపిల్లలను గురించి ప్రత్యేకముగా పేర్కొనుట ఇందుకే. గాలివేగము, వానలను గూర్చి చెప్పు ఆ రెండు వాక్యములలో ఒక కుటుంబపు ఏడాది సంపాదన ఇమిడియున్నది.

తోటలు పెంచువారికి ఇంత ప్రాణసంకటము లేదుగాని చికాకు కలదు. పీవైన్ కొండపై హిమము కరగువరకు టమాటా మొక్క నాటవద్దని రీనోలో లోకోక్తి. వినని వారు ఏటా కొందరుందురు. వారు రెండవసారి మొక్కలు కొందురు.

ఇంత చెప్పిన తరువాత ఈ తుఫానును తిట్టుకొనుట న్యాయమా? అక్కడి నీటి లెక్కలు చూచినవారు తిట్టరు. 2015లో చలికాలము వట్టిపోగా, తూర్పుననున్న కొలరాడో నదిలో ఆ వేసవికి సాధారణమున సగమైనను నీరు రాదని మే ఆరంభమున అంచనా వేసిరి. ఆ నెలలో ఒకదాని వెనుక నొకటిగా చల్లని తుఫానులు వచ్చి, కొండలపై హిమమును, దిగువన వానను కురిపించెను. అంతకన్న ముఖ్యముగా, మేఘములు కమ్మి కొండలమీద నున్న హిమమును కరగనీయలేదు. చివరకు పావెల్ జలాశయమునకు దాదాపు సాధారణ ప్రవాహము చేరెను. నీటి శాఖలవారు దానిని ‘అద్భుత మే మాసము’ అని పిలిచిరి.

మైదానమున పడిన హిమము మాత్రము ఎంతోసేపు నిలువదు. మే నెల ఎండకు మధ్యాహ్నమునకే కరగి నేలలోనికి దిగును. సేజ్‌బ్రష్ పొదకు పైపైన పరచుకొను వేళ్ళును, లోతునకు దిగు వేళ్ళును రెండును కలవు. పైవేళ్ళు ఈ తడిని వెంటనే త్రాగును. తడిసిన ఆ ఆకుల ఘాటైన సువాసన ఊరంతయు వ్యాపించును. చేతిలో మాచిపత్రి నలిపినవారు దానిని కొంతవరకు ఊహింపగలరు. స్థానికమైన కుదురుగడ్డి చిగురించును. దానితోపాటు యూరప్, ఆసియాలనుండి నూరేండ్లకు పూర్వమే చేరిన ‘చీట్‌గ్రాస్’, అనగా మోసపుగడ్డి, అంతకన్న వేగముగా పెరుగును. వసంతపు తడితో ఒత్తుగా లేచి, జూన్ నాటికి కాగితమువలె ఎండిపోవును. పొదల నడుమనున్న ఖాళీ నేలయంతయు అది నిండుటచే, ఒక పొదనంటుకొన్న నిప్పు ఇప్పుడు మరొక పొదకు సులభముగా ప్రాకును. కాలిపోయిన సేజ్‌బ్రష్ మరల పెరుగుటకు దశాబ్దములు పట్టును. గడ్డి మాత్రము మరుసటి ఏటికే తిరిగి మొలచును. అగ్నిమాపక దళములవారు మే నెల తడిని లెక్కలో వేసికొనియే జూలై నెలకు మనుష్యులను, వాహనములను సిద్ధపరతురు.